లొరాగే డొంకల్లో పరుగు: దారి వేసుకోవడం నేర్చుకున్న తీరు

2023 వేసవిలో ఉద్యోగం మీద తులూజ్ చేరేటప్పటికి నాకు పరుగు కొత్త కాదు. హైదరాబాద్‌లో నెక్లెస్ రోడ్డు మీద నాలుగేళ్లు తెల్లవారుజామున పరుగెత్తిన వాణ్ణి. అక్కడ దారి గురించి ఆలోచించవలసిన అవసరం ఎన్నడూ రాలేదు, ఉన్నది ఒకటే దారి కనుక. తులూజ్‌కు ఆగ్నేయంగా, కనాల్ ద్యు మిది అనే పాతకాలపు పడవల కాలువకు రెండు వైపులా పరుచుకున్న లొరాగే ప్రాంతంలో సంగతి వేరు. గోధుమ చేలు, పొద్దుతిరుగుడు చేలు, మిట్టల మీద ఊళ్లు, ఆ ఊళ్లను కలుపుతూ లెక్కకు మిక్కిలి బాటలు. ఇన్ని ఉండగా కష్టమేముంది అనుకున్నాను. కాళ్లు మూడు నెలల్లో సిద్ధమయ్యాయి గాని, నిశ్చింతగా పరుగెత్తగలిగిన ఒక పొడుగాటి దారి దొరకడానికి ఇంచుమించు తొమ్మిది నెలలు పట్టింది.

సెప్టెంబరు చివర ఫోనులోని ఒక యాప్ గీసి ఇచ్చిన పద్నాలుగు కిలోమీటర్ల చుట్టుదారి పట్టుకొని మొదటిసారి బయలుదేరాను. ఆరో కిలోమీటరు దగ్గర ఆ నీలి గీత నన్ను నేరుగా ఒక రైతు ఇంటి వాకిట్లోకి తీసుకుపోయింది. గేటుకు కుక్క ఉన్నదని హెచ్చరించే పలక ఒకటి వేలాడుతున్నది. దాన్ని నేను చదివే లోపలే కుక్క వచ్చి నా మోకాలి దగ్గర నిలబడింది. రబ్బరు బూట్లతో ఒక పెద్దాయన కొట్టం వెనుక నుంచి వచ్చాడు. ఫ్రాన్సులో ఏ మాటకైనా ముందు 'బోఁజూర్' పడాలన్న ఒక్క పాఠం అప్పటికే వంటబట్టి ఉండడం వల్ల ఆ మాట అన్నాను, ఆయన ముఖం కాస్త తేలికపడింది. బాట కొట్టం వెనుక ఉండేదని చేయి చూపించాడు. వెళ్లి చూస్తే అక్కడ పొద్దుతిరుగుడు కోత అయిపోయి, కొత్తగా దున్నిన చేను తప్ప మరేమీ లేదు. పటంలో ఉన్న బాట నాగలి చాళ్ల కింద ఉన్నది.

ఆ చేను గట్టున నిలబడినప్పుడు నాకు మా ఊరి డొంక గుర్తుకు వచ్చింది. మా తెనాలి వైపు డొంక అంటాము, గోదావరి జిల్లాల్లో పుంత అంటారు. రికార్డులో అందరిదీ, నేల మీద మాత్రం ఏటికేడు పక్క చేలోకి జానెడు జానెడుగా జరిగిపోయేది. ఫ్రాన్సులో దీని పేరు 'షెమాఁ ర్యురాల్'. ఇది పంచాయతీకి, అంటే వారి కమ్యూన్‌కు, చెందిన ఆస్తి. ప్రజల రాకపోకల కోసం ఉద్దేశించినది. అయినా చట్టరీత్యా ఇది కమ్యూన్ సొంత ఆస్తి కిందకే వస్తుంది గనుక, ఎవరైనా ముప్పై ఏళ్లు ఎవరి అభ్యంతరమూ లేకుండా ఆక్రమించి అనుభవిస్తే చేజారిపోవచ్చు. 1960ల ప్రాంతంలో కమతాల ఏకీకరణ జోరుగా సాగినప్పుడు చిన్న చెక్కలు కలిసి పెద్ద చేలు కావడంతో, వాటి మధ్య ఉన్న కంచె చెట్లూ బాటలూ చాలాచోట్ల మాయమయ్యాయి. ఇది తెలిసిన తరువాత ఆ పెద్దాయన మీద నాకు కోపం రాలేదు. మా తాతల కాలం నాటి డొంక తగాదాల్లో మేము ఏ పక్షమో కూడా నాకు గుర్తున్నది.

నవంబరులో ఒక రోజు సెలవు పెట్టి ఆ ఊరి మేరీకి, అంటే పంచాయతీ ఆఫీసుకు, వెళ్లాను. వారానికి రెండు పూటలే తెరిచి ఉంటుంది, అందువల్ల అంతకు ముందు ఒకసారి వెళ్లి తాళం చూసి వచ్చాను. లోపల కార్యదర్శిగా ఉన్న ఆమె నా ప్రశ్న విని ఆశ్చర్యపోలేదు. కదాస్త్ర్ అనే భూమి పటం పెద్ద కాగితం తీసి బల్ల మీద పరిచింది. నెపోలియన్ కాలంలో 1807లో మొదలైన కొలతల సంప్రదాయం అది. ప్రతి చెక్కకూ మన సర్వే నంబరు వంటి నంబరు ఉన్నది. రెండు నంబర్ల మధ్య నంబరు లేని సన్నని తెల్లని పట్టీ కనబడితే అది సాధారణంగా అందరి బాటే అని ఆమె పెన్సిల్ మొనతో చూపించింది. నేను కుక్క చేత చిక్కిన చోట ఆ తెల్లని పట్టీ స్పష్టంగా ఉన్నది. ఆమె దాన్ని చూసి నవ్వి, భుజాలు ఎగరేసింది. ఈ పటాలన్నీ ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయని కూడా ఆమే చెప్పింది, అది ముందే తెలిసి ఉంటే నాకు సెలవు మిగిలేది.

అప్పటి నుంచి నా పద్ధతి మారింది. యాప్‌ను పక్కన పెట్టి, ఫ్రాన్సు ప్రభుత్వ పటాల సంస్థ ఐజీఎన్ ప్రచురించే 1:25,000 కొలత పటం కొన్నాను. అందులో ఒక సెంటీమీటరు నేల మీద 250 మీటర్లు. ఎత్తుపల్లాల గీతలు దగ్గర దగ్గరగా ఉంటే ఊపిరి దాచుకోవాలని అర్థం. అంతకంటే ముఖ్యం, గుర్తులు పెట్టిన బాటలు ఆ పటంలో విడిగా కనబడతాయి. చెట్టు మీదో, కరెంటు స్తంభం మీదో, గోడ మూల మీదో తెల్ల గీత, దాని కింద ఎర్ర గీత ఉంటే అది జీఆర్ అనే దూరప్రయాణపు బాట. పసుపు గీత ఒక్కటే ఉంటే పూటలో తిరిగి రాగలిగే చిన్న బాట. అవే రంగులతో ఇంటూ గుర్తు కనబడితే దారి తప్పినట్టు. 1947లో మొదలైన ఈ పద్ధతిని ఇప్పటికీ స్వచ్ఛంద కార్యకర్తలే రంగు డబ్బాలు పట్టుకొని తిరిగి నిలబెడుతున్నారు. నడక బాటల కోసం జిల్లా వేసే ప్రణాళికలో నమోదైన బాటను కమ్యూన్ అమ్మాలన్నా బదులు దారి చూపించాలి, కనుక రంగు ఉన్న చోట నాగలి భయం తక్కువ.

గుర్తుల బాట దొరికినంత మాత్రాన పరుగు సాగదు. సెప్టెంబరు రెండో ఆదివారం నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా వేట కాలం. బాట మొదట 'వేట జరుగుతున్నది' అన్న పలక కనబడిన రోజు నేను వెనక్కి తిరగడమే మర్యాద అనుకున్నాను. వాళ్లు నారింజ రంగు చొక్కాలు వేసుకుంటారు గనుక నేనూ ఒకటి కొన్నాను. తారు రోడ్డు మీద ఎదురు వచ్చే బండ్లు కనబడాలంటే మన దేశంలో కుడి పక్కన నడవాలి, ఇక్కడ ఎడమ పక్కన. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు ఆ పాఠం ఒక్కసారిలో నేర్పుతుంది. ఆ చలికాలంలో ఊరి పేరు పలకలు తలకిందులై కనబడి, ఏ ఊళ్లో ఉన్నానో మెడ వంచి చదువుకోవలసి వచ్చింది. పక్కనే ఉన్న తార్న్ జిల్లా యువ రైతులు మొదలుపెట్టిన నిరసన అది, పద్ధతులన్నీ తలకిందులుగా ఉన్నాయని చెప్పడానికి.

నీళ్ల సంగతి మాత్రం నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. మధ్యాహ్నం వేళ పల్లెలో బేకరీ మూసి ఉంటుంది, మనిషి కనబడడు, గుక్కెడు నీళ్లు దొరకవు. తోటి పరుగరి ఒకాయన చెప్పిన చిట్కా ఏమిటంటే, ఏ ఊరికి వెళ్లినా శ్మశానం వెతుక్కోవాలి, సమాధుల పూలకు పోసేందుకు అక్కడ కుళాయి ఉంటుంది. తాగరాదని రాసి ఉన్నదేమో చూసుకొని పట్టుకోవాలి. మొదటిసారి ఇనుప గేటు తోసుకొని లోపలికి వెళ్లినప్పుడు మా నాయనమ్మ కళ్ల ముందు మెదిలింది. పరుగు తరువాత ఎలాగూ స్నానం తప్పదు కదా అని సర్దిచెప్పుకున్నాను.

ఇక నేల. లొరాగే మట్టి బంకమన్ను, మా రేగడికి అన్నదమ్ము. వాన పడిన మర్నాడు చేలగట్టు పట్టానంటే ప్రతి బూటుకూ అరకిలో మట్టి అతుక్కొని, కాలు ఎత్తితే రోకలి ఎత్తినట్టు ఉండేది. పదిహేను, పదహారో శతాబ్దాల్లో ఈ మట్టిలోనే పాస్టెల్ అనే మొక్కను పండించి, దాని ఆకుల నుంచి నీలి రంగు తీసి తులూజ్ వర్తకులు మేడలు కట్టారు. తరువాత మన దేశం వైపు నుంచి ఓడల్లో వచ్చిన నీలిమందు ఆ వ్యాపారాన్ని దెబ్బతీసింది. మట్టి గీకుకుంటూ కూర్చున్నప్పుడల్లా ఇది నాకు తగిన శాస్తే అనిపించేది.

వానల తరువాత ఓతాఁ గాలి వంతు. ఆగ్నేయం నుంచి రోజుల తరబడి వీచే ఆ గాలికి ఎదురు పరుగెత్తడం వృథా. అందువల్ల ఆ రోజుల్లో రైలెక్కి విల్‌ఫ్రాంష్‌లో దిగి, గాలిని వీపున పెట్టుకొని బాజియేజ్ స్టేషను దాకా కాలువ గట్టు మీద రావడం అలవాటు చేసుకున్నాను. చుట్టుదారి మానేసి స్టేషను నుంచి స్టేషనుకు దారి వేసుకోవచ్చన్నది అలా తట్టింది.

2024 మే నెలలో ఒక శనివారం పొద్దున్నే బస్సులో రెవెల్ వెళ్లాను. పాత చెక్క కప్పు కింద సంత అప్పుడే సర్దుకుంటున్నది; రెండు అరటిపండ్లు కొనుక్కొని రిగోల్ ద లా ప్లెన్ అనే పిల్లకాలువ గట్టు ఎక్కాను. 1667లో కనాల్ ద్యు మిది పని మొదలైనప్పుడు, నల్లకొండల నీళ్లను నొరూజ్ అనే మిట్ట దాకా తెచ్చి పెద్ద కాలువకు అందించడానికి పియేర్ పాల్ రికే తవ్వించిన ఫీడరు ఇది. మొత్తం పొడవు సుమారు 38 కిలోమీటర్లు. కొండవాలును పట్టుకొని మెలికలు తిరుగుతూ పోతుంది గనుక, నీరు కదిలేటంత వాలు తప్ప ఎక్కడా ఎత్తుపల్లాలు ఉండవు. గట్టు మీద చెట్ల నీడ, పక్కన బారెడు వెడల్పు నీరు, నాతో పాటే ఒకే దిక్కుకు. తెనాలి కాలువ గట్టు మీద సైకిలు తొక్కిన పిల్లవాడికి ఇంతకంటే పరిచితమైన దారి ఈ దేశంలో మరొకటి దొరకదు. ఎర్ర తెలుపు గీతలు వెతుక్కోవలసిన పని కూడా లేకపోయింది, నీటి వెంట పోవడమే.

ఇరవై అయిదు కిలోమీటర్లు దాటాక మోకాలు మొరాయించింది. నడక, పరుగు కలిపి ఎలాగో 189 మీటర్ల ఎత్తున ఉన్న నొరూజ్ చేరాను. అక్కడ చేరిన నీరు ఒక పాయ అట్లాంటిక్ వైపు, ఒక పాయ మధ్యధరా వైపు పోతుంది. రికే స్మారక స్తంభం నీడన కూర్చొని రెండో అరటిపండు తిని, అట్లాంటిక్ వైపు నీటితో పాటు అవిన్యొనె స్టేషనుకు నడిచాను. అక్కడ ఆగే రైళ్లు తక్కువ. నేను అనుకున్నది అయిదు నిమిషాల ముందే వెళ్లిపోయింది. ప్లాట్‌ఫారం బల్ల మీద పట్టినంత మేర పటం పరుచుకొని, తరువాతి రైలు వచ్చే లోపల ఇంటి తాళంచెవితో బూట్ల మట్టి గీకుతూ, నొరూజ్ నుంచి రెండో పాయ వెంట కాస్టెల్‌నోదారి స్టేషనుకు ఎన్ని సెంటీమీటర్లో కొలిచాను.