కాలి కింద చూసుకో

2025 జూన్‌లో ఒక సాయంత్రం ఆఫీసు నుంచి ఇంటికొచ్చి స్కూటీకి స్టాండ్ వేస్తుంటే గుండె ఝల్లుమంది. మా విశాఖలో ఎన్‌ఏడీ ఫ్లైఓవర్ ఎలా దాటానో ఎంత తలుచుకున్నా గుర్తు రాలేదు. ఆసీల్‌మెట్ట నుంచి గోపాలపట్నం దాకా లారీల మధ్య బండి నడిపింది నేనే. మనసు మాత్రం దారి పొడుగునా మర్నాటి ఆడిట్ దగ్గరా, మా అబ్బాయి ఇంటర్ మార్కుల దగ్గరా ఉండిపోయింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

జూలై 9న, ఆషాఢ పౌర్ణమికి ముందురోజు, సింహాద్రి అప్పన్న గిరి ప్రదక్షిణకు వెళ్ళాను. ఇన్నేళ్ళుగా కొండ పక్కనే ఉంటూ అదే మొదటిసారి. కొండ కింద తొలిపావంచా, అంటే మొదటి మెట్టు, దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరితే మొత్తం 32 కిలోమీటర్లు. అడవివరం దాటామో లేదో, ఇంకా ఎంత ఉందన్న లెక్కలు మొదలుపెట్టేశాను. ముడసర్లోవ వచ్చేసరికి కాళ్ళకంటే ముందు మనసు అలిసిపోయింది. పక్కన నడుస్తున్న ఒక ముసలామె, విజయనగరం వైపు పల్లె నుంచి వచ్చిందట, నన్ను చూసి అంది: "ఏటమ్మా, మాటిమాటికీ కొండకేసి చూత్తన్నావు? కాలి కింద చూసుకో. కొండెక్కడికెల్తాది?"

చూసుకున్నాను. తడి తారు, నలిగిన బంతిపూలు, ఎవరో పోసిన నీళ్ళు. చెప్పుల్లేని పాదానికి తారురోడ్డు ఒకలా, దుమ్ము ఒకలా, చిన్న కంకర ఒకలా తగులుతాయని ఈ వయసులో తెలిసింది. అప్పుఘర్ దగ్గర సముద్రంలో మునిగి, తడిచీరతో వెంకోజీపాలెం వైపు నడుస్తుంటే ఎవరో పిల్లాడు చేతిలో మజ్జిగ గ్లాసు పెట్టాడు. ఉప్పూ అల్లమూ నాలుకకి తగిలి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అంత శ్రద్ధగా నేను ఏదైనా తాగి ఎన్నాళ్ళయిందో!

మాధవధార దాటాక బొబ్బలు చితికాయి. మిగతా దారి నొప్పే, దాని గురించి గొప్పగా చెప్పడానికేమీ లేదు.

ఆగస్టు 15 నుంచి ఆర్టీసీలో ఆడవాళ్ళకి ఉచిత ప్రయాణం వచ్చింది. డబ్బు మిగులుతుందని కాదు గానీ, స్కూటీ మానేయడానికి అదొక సాకు దొరికింది. ఇంటి నుంచి అరగంట ముందు బయల్దేరతాను. ఆధార్ చూపించి, జీరో టికెట్ మడిచి పర్సులో పెట్టుకుని, ఫోన్ సంచీ అడుగున పడేస్తాను. దిగేదాకా ఒకటే పని: కిటికీలోంచి చూడడం. మొదటి వారం చాలా కష్టమైంది, చెయ్యి దానంతటదే సంచీలోకి పోయేది. పోయిన ప్రతిసారీ మళ్ళీ కాలి కిందికి చూపు తెచ్చుకునేదాన్ని. బస్సు అదురు అరికాళ్ళకి తెలుస్తుంది. ఇప్పుడు కంచరపాలెం మెట్టు దగ్గర పూలమ్మే ఆమె కనకాంబరాలు మూరేసేటప్పుడు ప్రతిసారీ నాలుగు పువ్వులు ఎక్కువే కడుతుందని నాకు తెలుసు. ఆ దారిన పదకొండేళ్ళు బండి మీద వెళ్ళాను, ఒక్కసారీ చూడలేదు.

టెన్షన్లు తగ్గాయా అంటే, ఆడిట్ ఆడిట్‌లాగే ఉంది. మారింది ఇంట్లో అనుకుంటాను. ఇదివరకు మావాడు ఏదైనా చెప్తుంటే గిన్నెలు సర్దుతూ "ఊఁ, ఊఁ" అనేదాన్ని. మొన్న రాత్రి వాడు వంటింటి గుమ్మంలో నిలబడి, "అమ్మా, నాకు ఎంపీసీ పడట్లేదు" అన్నాడు. స్టవ్ ఆర్పేశాను. చేతులు తుడుచుకుని, అక్కడే గడప మీద వాడి పక్కన కూర్చున్నాను. పప్పు సగమే ఉడికింది. తొమ్మిదింటి దాకా వాడే మాట్లాడాడు.