కరోలినా బార్బెక్యూకి స్టార్లు ఇచ్చే ముందు
అమెరికాలో నార్త్ కరోలినాలోని షార్లెట్, కేరీ వైపు మనవాళ్లు కొందరు బార్బెక్యూ హోటళ్ల రివ్యూల్లో "సాస్ నీళ్లలా ఉంది, ఒకటే పులుపు" అని రెండు స్టార్లు పడేస్తుంటారు. ఆ రాష్ట్రం తూర్పున పద్ధతే అది! పందిని మొత్తంగా కాల్చి, తరిగి, వెనిగర్, ఎండుమిర్చి పట్టిస్తారు. టమాటా ఊసే ఉండదు. అక్కడి ఎయిడెన్ ఊళ్లోని స్కైలైట్ ఇన్ అనే హోటల్లో కరకరలాడే చర్మాన్ని కూడా మాంసంతో కలిపి కత్తితో కొట్టేస్తారు. పంటికి గట్టిగా తగిలేది అదే, ఎముక కాదు.

అదే రాష్ట్రంలోని లెక్సింగ్టన్‌లో పంది భుజం మాంసమే, సాస్‌లో కాస్త కెచప్. 'అవుట్‌సైడ్ బ్రౌన్' అని అడిగి చూడండి, పొగ బాగా పట్టిన పైముక్కలు వేస్తారు. ఆవాల సాస్‌కైతే సౌత్ కరోలినాలో కొలంబియా వైపు పోవాలి.

మాంసం పొడిపొడిగా ఉంటే మాత్రం మొహమాటం లేకుండా రాయండి. తరిగి వేడి ట్రేలో గంటలు ఉంచితే అలాగే ఎండిపోతుంది, ఏ సాసూ కాపాడలేదు.