శెనక్కాయల డ్రమ్ములో అరకు గింజలు

ఇన్నేళ్లూ ఇనప బాండ్లిలో పావుకిలో చొప్పున కాఫీ గింజలు వేయించుకున్నాను. ఇంట్లో ఐదుగురం, పైగా తిరుచానూరులో అక్కావాళ్లకీ పంపాలి. ఆదివారం పొద్దంతా పొయ్యి దగ్గరే. కిలో పట్టే కొత్త రోస్టర్ చూస్తే రెండు నెలల జీతం దాటుతోంది.

చివరికి చిత్తూరులో పాత సామాన్ల కొట్లో శెనక్కాయలు వేయించే డ్రమ్ము దొరికింది, 2,200 రూపాయలకి. జింక్ పూత లేని ఉత్త ఇనుమేనని చూసుకునే కొన్నాను. రేణిగుంట రోడ్డులో లేత్ పనిచేసే అన్న దానికి కారు వైపర్ మోటారు బిగించి, గింజల్ని తిరగేసే రెక్కలు లోపల వెల్డింగ్ చేసిచ్చాడు. అన్నీ కలిపి 5,800. థర్మామీటరు మాత్రం మంచిదే కొన్నాను, అక్కడ మిగుల్చుకుంటే గింజలు పోతాయి.

మొదటి రెండు వాయిలూ మాడాయి. బాండ్లి అలవాటుకొద్దీ మంట పెద్దది పెట్టాను. అంత ఇనుము ఒకసారి వేడెక్కితే తొందరగా దిగదని చేసి చూస్తేగానీ తెలియలేదు. మూడోసారి ముందే తగ్గించాను. పది నిమిషాలు దాటాక, గింజల వేడి 196 డిగ్రీల దగ్గర, చిటపటమని మొదటి చిట్లుడు! మోటారు చప్పుడులోనూ వినిపించింది. ఇంకో నిమిషంన్నర ఆగి చేటలోకి దింపి ఫ్యాన్ కింద చల్లార్చాం. అమ్మ పొట్టు చెరిగింది. కిలో పచ్చిగింజలకి 850 గ్రాములు వచ్చాయి, పోయినదాంట్లో ఎక్కువ తేమే.

లోపలి కార్బన్ డయాక్సైడ్ పోవాలని మూడు రోజులు ఆగాం. ఈ పొద్దున ఫిల్టర్‌లో వేడినీళ్లు పోయగానే పొడి పొంగింది. అమ్మ ఒక గుక్క తాగి, "ఇంక చికోరీ కలపొద్దులేరా" అంది.