వంతవాడి కుడిచెయ్యి

ఆదివారం, రాత్రి పది

పొద్దున బయల్దేరింది టేబుల్ లైటు కోసం. పారిస్ మెట్రో నాలుగో లైనులో చివరి స్టేషన్ పోర్త్ ద క్లిన్యాంకూర్ దగ్గర దిగి, రింగ్ రోడ్డు వంతెన కింద నుంచి దాటితే సాంతువాన్ పాత సామాన్ల సంత. మన ఎర్రగడ్డ ఆదివారం సంతకి అక్కలాంటిది, ధరలు మాత్రం వినలేం. ఇరవై యూరోలన్న ఇత్తడి లైటుని పద్నాలుగుకి బేరమాడాను. "వెలుగుతుందా?" అంటే "భేషుగ్గా" అన్నాడు కొట్టాయన. ఇంటికొచ్చి పెడితే వెలగలేదు. పద్నాలుగుకి ఎందుకు దిగాడో అప్పుడర్థమైంది.

సంతలో ఉండగానే వాన. లైటుని కోటు లోపల దాచుకుని ర్యూ దె రోజియేలో 122వ నంబరు తలుపు తోశాను. లా షోప్ దె ప్యూస్. ఏడాదిగా వెళ్దాం వెళ్దాం అనుకుంటూ వాయిదా వేస్తున్న చోటు. చివరికి వానే తోసింది లోపలికి. చిన్న బార్. గోడల మీద గిటార్లు, జిప్సీ జాజ్ గిటారిస్టు జాంగో రైన్‌హార్ట్ ఫొటోలు. మోండిన్ గార్సియా, ఆయన కొడుకు నినిన్ ఏళ్ల తరబడి వారాంతాల్లో వాయించింది ఇక్కడే. ఇవాళ వేరే ఇద్దరు కూర్చున్నారు. వేదికా లేదు, డ్రమ్సూ లేవు, రెండు గిటార్లే. కాఫీ చెప్పి గోడ పక్కన ఇరుక్కున్నాను.

మొదటాయన వేళ్లు తీగల మీద పరిగెడుతుంటే అందరూ ఫోన్లు పైకెత్తారు. నేనూ ఎత్తాను. రెండు నిమిషాలకి నా చూపు పక్కాయన కుడిచేతి మీదికి జారి, ఇక అక్కడే ఉండిపోయింది. ఆయన ఒక్కసారి కూడా సోలో తీసుకోలేదు. చక్, చక్, చక్, చక్. తీగ మోగీ మోగగానే ఎడమచెయ్యి వదులు చేసి దాని నోరు నొక్కేస్తాడు. డ్రమ్ములు లేని లోటు తెలియనివ్వనిది ఆ చెయ్యే. దీన్ని 'లా పోంప్' అంటారని పక్క టేబుల్ పెద్దాయన చెప్పాడు. పోంప్ అంటే పంపేనట! మా వీధి చివర బోరింగు గుర్తొచ్చి నవ్వొచ్చింది. బిందె నిండేదాకా కొట్టేవాడు ఒకడు, నీళ్లు పట్టుకెళ్లేవాడు ఇంకొకడు.

జాంగో సంగతి నాకు కాస్త తెలుసు. 1928లో ఈ చుట్టుపక్కలే ఆయన ఉంటున్న బండి కాలిపోయింది. భార్య అమ్మకానికి చేసిన సెల్యులాయిడ్ పువ్వులకి కొవ్వొత్తి మంట అంటుకుందట. ఆయనకి అప్పుడు పద్దెనిమిదేళ్లు. ఎడమచేతి ఉంగరపు వేలు, చిటికెన వేలు పనికిరాకుండా పోతే, మిగతా రెండు వేళ్లతోనే సోలోలు వాయించడం మళ్లీ నేర్చుకున్నాడు. 1934లో స్టెఫాన్ గ్రాపెలీ వయొలిన్‌తో కలిసి క్వింటెట్, అంటే ఐదుగురి బృందం, పెట్టాడు. ఈ కథ అందరూ చెప్పేదే. నాకు నచ్చింది వేరే ముచ్చట. గ్రాపెలీ వాయిస్తుంటే వెనక రెండు గిటార్లుంటాయి, నేను వాయించేటప్పుడు ఒక్కటే ఉంటుంది, ఇదేం న్యాయం అని జాంగో అలిగాడట. అందుకే మూడో గిటారు వచ్చిందంటారు. అంతటి జాంగోకీ వెనక వంత కావాలి! ఆ వంతవాళ్లలో ఒకడు సొంత తమ్ముడు జోసెఫ్. ఇవాళ ఆ గోడ మీద తమ్ముడి ఫొటో కోసం వెతికాను. ఉందేమో, నాకు మాత్రం కనపడలేదు.

వంత అనగానే మా తాతయ్య. బుర్రకథ దళంలో ఆయన ఎడమవైపు వంత, హాస్యం చెప్పేవాడు. గుమ్మెట వాయిస్తూ రాత్రంతా "తందాన తాన" అనడమే పని. పోస్టరు మీద కథకుడి పేరే పడేది. మన భాషలో ఎవడికైనా వంత పాడాడంటే తిట్టు కిందే లెక్క. అసలు ఈ తిట్టు పుట్టించినవాడు ఒక్క రాత్రైనా గుమ్మెట పట్టి ఉండడు.

జాంగో వాయించిన ఈ సంగీతాన్ని ఫ్రెంచివాళ్లు 'జాజ్ మనూష్' అంటారు. మనూష్ అంటే ఆ జిప్సీల భాషలో మనిషి. నాకు ఎవరూ అర్థం చెప్పక్కర్లేని ఫ్రెంచి మాట ఇదొక్కటేనేమో.

విరామంలో మొదటాయన చుట్టూ జనం మూగారు. పంపు కొట్టినాయన బీరు గ్లాసు ఎత్తి, తాగకుండా, కుడి మణికట్టుకి ఆనించుకుని కళ్లు మూసుకున్నాడు. వెళ్లి ఏదైనా మాట్లాడదామనుకున్నాను. నా ఫ్రెంచికి ధైర్యం చాల్లేదు. "మెర్సీ" అన్నాను. ఆయన తలూపి, కోటులోంచి తొంగిచూస్తున్న నా లైటుని చూసి ఏదో జోకేశాడు. అర్థం కాకపోయినా నవ్వాను.

సాయంత్రం ఆరింటికి అమ్మకి ఫోన్ చేశాను. అక్కడ తొమ్మిదిన్నర.

"ఏరా, తిన్నావా?"

"తింటాలే. అమ్మా, తాతయ్యకి చేతులు నొప్పెట్టేవి కాదా?"

"ఎందుకడిగావ్?"

"ఊరికే."

"నొప్పెట్టకేం. తెల్లారగట్ల వచ్చి అరుగు మీద కూర్చునేవాడు. ఆముదం వెచ్చబెట్టి మణికట్లకి రాసేదాన్ని. మీ అమ్మమ్మ రాస్తానంటే ఒప్పుకునేవాడు కాదు, నేనే రాయాలి." కాసేపాగి, "రాస్తుంటే కూడా వేళ్లు నా మోకాలి మీద దరువేస్తూనే ఉండేవి" అంది.

ఈ సంగతి నాకెప్పుడూ చెప్పలేదు. నేనూ ఎప్పుడూ అడగలేదు.

లైటు ప్లగ్గు విప్పి చూశాను. లోపల వైరు తెగి ఉంది. రేపు ఆఫీసు నుంచి వస్తూ రెండు మీటర్ల వైరు తేవాలి.