పన్నెండేళ్ళ లోపు

నిద్ర పట్టడం లేదు. చిన్నదానితో అలా మాట్లాడి ఉండాల్సింది కాదు.

భోజనాల దగ్గర "అక్కా, నాకు ఏడీహెచ్‌డీ ఉంది" అంది. అంటే ధ్యాస ఒకచోట నిలవని, కుదురుగా ఉండనివ్వని సమస్య. ఎవరు చెప్పారంటే ఫోన్ చూపించింది. నిమిషం కూడా లేని వీడియో. తాళాలు ఎక్కడ పెట్టారో మర్చిపోతారా, చదివిన పేరానే మళ్ళీ చదువుతారా... ఏదో గ్రూపులో కూడా చేరిందట, అక్కడ అందరూ తనలాంటివాళ్ళేనట. నాకు ఒళ్ళు మండిపోయింది. తాళాలు మర్చిపోనివాళ్ళు ఎవరు? అలాంటి వీడియో ఒకటి చూస్తే ఇక అన్నీ అవే వస్తాయి. గిన్నెలు వరసగా సర్దితే ఓసీడీ అంటారు, పొద్దున నవ్వి సాయంత్రం ఏడిస్తే బైపోలార్ అంటారు. ఓసీడీ ఉన్నవాళ్ళకి వద్దనుకున్నా ఆగని ఆలోచనలతో, కడిగిన చేతులే కడుక్కోవడంతో రోజూ గంటలు పోతాయి. బైపోలార్‌లో ఆ ఉద్రేకం పూటలో పోయేది కాదు, రోజుల తరబడి ఉంటుంది. వాళ్ళు పడే బాధ పేరుని ఇలా ఊరికే వాడేస్తే నాకు కోపం. "నీకున్నది ఫోన్ జబ్బు" అనేశాను. కంచం తీసుకుని లేచి వెళ్ళిపోయింది.

నా మాటే నిజమని చూపిద్దామని డీఎస్ఎం-5 తిరగేశాను. మానసిక సమస్యల్ని గుర్తించడానికి 2013లో అమెరికా సైకియాట్రిస్టుల సంఘం తెచ్చిన పుస్తకం. ధ్యాస నిలవని రకమైతే, పెద్దవాళ్ళకి తొమ్మిది లక్షణాల్లో కనీసం ఐదు ఉండాలి. అవీ కనీసం ఆరు నెలలుగా, ఇల్లు, పని లాంటి రెండు చోట్లైనా ఉండాలి. చూశావా, అనుకున్నాను. ఆ కిందే ఉంది, కొన్ని లక్షణాలైనా 12 ఏళ్ళ లోపే కనబడి ఉండాలని.

చిన్నది ఐదో తరగతిలో ఉన్నప్పటి సంగతి. లెక్కల హోంవర్క్ రాత్రి నా పక్కనే కూర్చుని చేసింది. సంచిలో నేనే పెట్టించాను. మర్నాడు హోంవర్క్ చెయ్యలేదని టీచర్ బయట నిలబెట్టారు. మధ్యాహ్నం నేను వెళ్ళి సంచి తీస్తే పుస్తకం అందులోనే ఉంది. "ఇవ్వాలని గుర్తు రాలేదక్కా" అంది. ఇంటికొచ్చి చెప్తే అందరం నవ్వాం. నాన్న 'పరధ్యానం' అని పేరు పెట్టారు. ఆ పేరు ఇప్పటికీ పోలేదు. అల్లరి చేసే పిల్లాడైతే ఎవరో ఒకరు పట్టించుకునేవాళ్ళు. ఇది కిటికీలోంచి చూస్తూ కూర్చునేది, అంతే.

ఏడీహెచ్‌డీయే అని నేననడం లేదు. రెండు నెలలుగా సరిగ్గా నిద్రపోవడం లేదది. నిద్ర చాలకపోయినా, టెన్షన్ ఎక్కువైనా, థైరాయిడ్ తేడా వచ్చినా మనసు ఒకచోట నిలవదు. అది తేల్చాల్సింది డాక్టరే. కానీ ఫోన్ చూపిస్తున్నప్పుడు దాని మొహం తేటగా ఉంది. నా తప్పు కాదేమో అని మొదటిసారి అనిపించిందేమో.

దాని గదిలో ఇంకా లైటు వెలుగుతోంది. డాక్టర్ దగ్గరికి నేనూ వస్తానని చెప్పాలి. చిన్నప్పటి సంగతులు ఇంట్లోవాళ్ళని కూడా అడుగుతారు. ఆ లెక్కల పుస్తకం సంగతి నేనే చెప్తాను.