పాత టెస్ట్ షీట్లను కొత్త ప్రమాణంలోకి మార్చిన నా అనుభవం

మా ప్లాంటులోని వైరింగ్ టెస్ట్ షీట్లు, డ్రాయింగులు అన్నిటినీ ఐఈసీ 60364లో (భవనాల వైరింగ్‌కి అంతర్జాతీయ ప్రమాణం) ఇప్పుడున్న మాటల్లోకి తెమ్మని నాకు అప్పగించారు. ఓ మాట తీసి ఇంకోటి పెట్టడమేగా అన్నారంతా. కొన్నిచోట్ల నిజంగానే అంతే. 2005 కూర్పుతో ‘డైరెక్ట్ కాంటాక్ట్’ (కరెంటున్న భాగాన్నే తాకడం) నుంచి రక్షణ అనే మాట పోయి ‘బేసిక్ ప్రొటెక్షన్’, ‘ఇన్‌డైరెక్ట్ కాంటాక్ట్’ (ఫాల్ట్ వల్ల కరెంటెక్కిన లోహపు బాడీని తాకడం) నుంచి రక్షణ అనే మాట పోయి ‘ఫాల్ట్ ప్రొటెక్షన్’ వచ్చాయి. శీర్షికలు మార్చేస్తే సరిపోయింది.

చిక్కంతా ఈఎల్‌సీబీ (ఎర్త్‌కి కరెంటు లీకైతే సప్లై కట్ చేసే బ్రేకరు) దగ్గరే. ఇప్పుడు దాన్ని ఆర్‌సీడీ అనాలి. లీకేజీకి మాత్రమే ట్రిప్ అయితే ఆర్‌సీసీబీ, ఓవర్‌లోడుకీ షార్టుకీ కూడా ట్రిప్ అయితే ఆర్‌సీబీఓ. అయితే వోల్టేజీతో పనిచేసే పాత రకాన్ని కూడా ఒకప్పుడు ఈఎల్‌సీబీ అనే పిలిచేవారు. కాగితం చూస్తే ఏదో తేలదు. సప్లై ఆపించి ఒక్కో డీబీ (డిస్ట్రిబ్యూషన్ బోర్డు) కవరు విప్పించాను. గుర్తుపట్టడం సులువే: ఎర్త్ వైరు పరికరంలోకి ఒక టెర్మినల్ దగ్గర వెళ్లి, ఇంకో టెర్మినల్ నుంచి ఎర్త్ పిట్‌కి పోతుంటే అది వోల్టేజీ రకం. ఎర్త్ దాని జోలికి పోకుండా నేరుగా ఎర్త్ బార్‌కి వెళ్తే కరెంటు రకం. స్టోరు వెనక బోర్డులో ఒక పాతది బయటపడింది. దగ్గర్లోని ఇనప పైపు ద్వారా ఎర్త్‌కి ఇంకో దారి ఏర్పడిందంటే కరెంటు అటే పోయి, లోపలి కాయిల్ కదలకపోవచ్చు. అందుకని దానికి కొత్త పేరు వెతక్కుండా, తీయించి 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ వేయించాం.

తర్వాత ‘లైవ్’. మా వాళ్లకి లైవ్ అంటే ఫేజే. ప్రమాణం లెక్కలో న్యూట్రల్ కూడా లైవ్ కండక్టరే. దాంతో ‘లైవ్–ఎర్త్’ అన్న గడిలో కొందరు ఫేజుకి మాత్రమే మెగ్గర్ (ఇన్సులేషన్ రెసిస్టెన్స్ కొలిచే మీటరు) పెట్టి వదిలేశారు. ఆ గడి తీసేసి ‘లైన్–ఎర్త్’ (లైన్ అంటే ఫేజే), ‘న్యూట్రల్–ఎర్త్’ అని రెండు వేశాను. పనిలో పనిగా ఇన్సులేషన్ రెసిస్టెన్స్ కనీస విలువ కూడా చూడాల్సొచ్చింది: 230 వోల్టుల సర్క్యూట్లకి 500 వోల్టుల డీసీతో చేసే పరీక్షలో ఒకప్పుడు 0.5 మెగాఓమ్ చాలు, 2006 కూర్పు నుంచి 1 మెగాఓమ్ ఉండాలి. 0.7 పక్కన ‘ఓకే’ అని రాసిన పాత షీటు అప్పటి లెక్కన తప్పేం కాదు. అందుకే సంతకాలైన రిపోర్టుల్లో అక్షరం కూడా మార్చలేదు. ఏ కూర్పు ప్రకారం పరీక్షించారో తెలిపే ఒక పేజీ మాత్రం ముందు పెట్టాను. ఆ సర్క్యూట్లకి మళ్లీ మెగ్గర్ పెట్టించాం.

డీబీ తలుపుల మీది లేబుళ్లు ఇంకా మిగిలాయి. వచ్చే షట్‌డౌన్‌లో మార్చాలి.