పరమపదసోపానపటం: పది ముక్కల్లో ఒకటి మిగిలిపోతోంది

ఒక పెద్ద మాటలోని అక్షరాల్ని విడివిడి ముక్కల మీద రాసుకుని, ఒక్కటీ మిగలకుండా అన్నిటితో వేరే మాటలు కట్టడం నేనాడే ఆట. నిన్న రాత్రి పదకొండున్నరకి పది ముక్కలూ సరిపోయాయి. అయిదు మాటలు వచ్చాయి, టేబుల్ మీద ఒక్క ముక్క కూడా మిగల్లేదు. ఆ సంతోషంలో సరిగ్గా నిద్ర కూడా పట్టలేదు. పొద్దున్నే అమ్మకి చూపిస్తే ఒక్క చూపులో కొట్టేసింది.

ఈసారి తీసుకున్న మాట పరమపదసోపానపటం. వైకుంఠపాళికి ఇంకో పేరు. ప మూడుసార్లు, ర, మ, ద, సో, పా, న, టం ఒక్కోసారి. (ఎక్సెల్‌లో లెక్కపెట్టిస్తే 13 అంటుంది. గుణింతం గుర్తుల్ని, సున్నాని విడిగా లెక్కేస్తుంది కాబట్టి ఈ ఆటకి అది పనికిరాదు.) పాత శుభలేఖల అట్టని 3 సెంటీమీటర్ల చదరాలుగా కోసి లక్సర్ మార్కర్‌తో రాశాను. స్కెచ్ పెన్ నున్నటి అట్ట మీద అలుక్కుపోతుంది, మార్కరే నయం.

మాటలు బాగానే వచ్చాయి, మొత్తం 18: పార, పాప, పామర, పన, పర, పద, మన, మర, నర, రమ, సోమ, సోన, సోదర, మదన, పారటం, పామటం, మనటం, పాపటం. పారటం కాదు పారడం అనాలి అంటారు కొందరు. మా గుంటూరు వైపు టం అనే అంటాం, పత్రికల్లో రెండూ కనిపిస్తాయి. నేను ఒప్పుకుంటున్నాను.

చిక్కంతా పదింటినీ ఒకేసారి ఖర్చు పెట్టడంలోనే. నేను పెట్టుకున్న నియమం ఒకటుంది: అసలు మాటలోని భాగాన్ని అదే అర్థంలో తిరిగి వాడకూడదు. అందుకే ముందు పుట్టుక చూసుకోవాలి. పరమ అంటే అన్నిటికన్నా పైది. పదం అంటే అడుగు, చోటు. ఋగ్వేదంలో ‘తద్విష్ణోః పరమం పదం’ అన్నది ఈ పదమే. సోపానం మెట్టు. పటం అంటే గుడ్డ, దాని మీద గీసిన బొమ్మ. విష్ణువుండే చోటికి మెట్లు గీసిన గుడ్డ అన్నమాట. ఈ లెక్కన పరమ, సోపాన, పటం పోయాయి. ‘పద, వెళ్దాం’ అనే పద మాత్రం వేరే మాట. పదండి, పదవే అని మారుతుంది, సంస్కృత పదం అలా మారదు. దాన్ని ఉంచుకున్నాను. పటం ఒక్కటి ఒప్పుకుంటే పటం, పద, పన, పార, సోమ అని రెండు నిమిషాల్లో అయిపోతుంది. ఒప్పుకోను.

తొమ్మిది రోజులుగా రాసుకున్నవి చూస్తే:

పారటం, సోమ, పన, పద. ఒక ప మిగిలింది.
పాప, మనటం, పద, పర. సో మిగిలింది.
పామటం, సోదర, పన. రెండు ప లు మిగిలాయి.
పాపటం (బాధలు పాపే దేవుడు అంటాం కదా, ఆ పాపు), సోమ, పర, పద. న మిగిలింది.
పాపటం, సోమ, పన, పద. ర మిగిలింది.

ఈ చివరిదాని దగ్గర రెండు రోజులు ఆగిపోయాను. పద పక్కన ర పెడితే ‘పదర’. దీర్ఘం ఉంటే పదరా అయిపోయేది. హైదరాబాద్ నుంచి వచ్చిన మేనల్లుడు చూసి, “అత్తా, మేం పదర అనే అంటాం, పెట్టేసెయ్” అన్నాడు. వాడు అనేది నిజమే, నేనూ విన్నాను. కానీ రాసేటప్పుడు వాడూ దీర్ఘం పెడతాడు. తీసేశాను.

నాకు తోచిన కారణం ప. తెలుగులో చేప, వేప, పాప లాంటివి తప్ప ప తో ముగిసే మాటలు తక్కువ, పు, పి, పం తో ముగిసేవే ఎక్కువ. అందుకని మూడు ప లూ మాట మొదట్లోనే కూర్చోవాలి, ఒక్కోదానికి ఒక్కో జత కావాలి. సరిగ్గా మూడు జతలున్నాయి: పర, పద, పన. వాటిని పక్కన పెట్టేస్తే మిగిలేవి మ, సో, పా, టం. నిన్న రాత్రి ఇక్కడికొచ్చాకే గుండె ఝల్లుమంది. సోమ, పాటం!

అమ్మ తెలుగు టీచరుగా చేసి రిటైరైంది. పాటం అన్న రెండు ముక్కల మీద వేలు పెట్టి, “ఠకి పొట్టలో చుక్క ఉంటుందే, నీ ముక్కలో ఏదీ?” అంది. నిజమే, అది పాఠం. నోటితో పాటం అనే అంటాం, అందుకే రాత్రి కంటికి ఆనలేదు. మొదట దీర్ఘం దగ్గర పోయింది, ఇప్పుడు ఒత్తు దగ్గర పోయింది.

ఇంకో వారం చూస్తాను. వెతకడానికి ముందు బ్రౌన్ నిఘంటువు (1852) తెరుస్తాను, వాడుక మాటలకి అంత మంచిది లేదు. పన దొరికింది అందులోనే. చిన్నప్పుడు మా చేలో కోసిన వరిని పనలుగా వేసేవాళ్లు, నేనే మర్చిపోయాను. ఈసారి శబ్దరత్నాకరం (1885) కూడా తీయాలి. సో తో మొదలయ్యే కావ్యాల మాట ఒక్కటి దొరికినా లెక్క మారిపోతుంది.

ఈలోగా కరివేపాకుకి అయిదు ముక్కలు కోసిపెట్టాను. అందులోని కరి అంటే నలుపు, కన్నడంలో కరిబేవు అంటారు. ఏనుగు అనే కరి సంస్కృతం నుంచి వచ్చింది, తొండమే చెయ్యిగా ఉన్నది అని. పద లాగే అదీ వేరే మాట కాబట్టి నియమానికి అడ్డం రాదు. పాకు కూడా వచ్చింది. వే ఒక్కటే విడిగా కూర్చుంది.